కిటికీల డైలాగు

గురునాథరావుకి తానో నటుడన్న నమ్మకం చిన్నప్పటినుంచీ ఉంది. ఊరి బడిలో ఓసారి ద్వారపాలకుడి వేషం ఇచ్చారు. మాటలేవీ లేవు గానీ, ఈటె మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. అప్పటినుంచి సరైన పాత్ర కోసం ఎదురుచూస్తూ, ఈలోగా మధురవాడ కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటున్నాడు.

ఓ రోజు ఆ కాలేజీకి నాటకాలాడించే జయంత్ వచ్చాడు. వివక్ష, వేధింపుల మీద పిల్లలకు కళ్లు తెరిపించే ఆట. రాసిన మాటలుండవు. చూస్తున్నవాళ్లలో ఎవరికి ఒళ్లు మండినా "ఆపండి" అని లేచి, వేధింపులు పడుతున్న మనిషి స్థానంలోకి వచ్చి ఆడొచ్చు.

"మేష్టారి వేషం ఎవరేస్తారండీ? కాస్త దుర్మార్గుడు" అన్నాడు జయంత్.

గురునాథరావు అప్పటికే స్టేజీ మీదున్నాడు.

ఎవాంజలిన్ అనే అమ్మాయిది ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని వేషం. "లోపలికి రావచ్చా సార్?" అంది.

దుర్మార్గుడైతే ఏమంటాడు? గురునాథరావు బుర్ర గోక్కున్నాడు. పాపం, ఆయనకి దుర్మార్గం అలవాటు లేదాయె. నోటికొచ్చింది అనేశాడు.

"కిటికీలు తెరవండ్రా..."

"...హార్బరొచ్చింది!" అని హాలంతా అందుకుని పగలబడి నవ్వింది.

ఆ నవ్వు తన నటనకే అనుకుని దణ్ణం పెట్టబోయి, చేతులు సగంలో ఆపేశాడు. ఆ మాట దుర్మార్గుడిది కాదు, తనదే. జాలరిపేట సుధారాణి పొద్దున్నే హార్బర్లో తల్లికి చేపల తట్ట ఎత్తి, బస్సులు మారి క్లాసుకొచ్చేది. రాగానే ఆయన ఆ మాట అనేవాడు. సరదాకే. పిల్ల క్లాసుకి రావడం మానేసింది. ఒట్టి బద్ధకమని తేల్చేసి, హాజరు లేదు గనక పరీక్షకి పంపనని నిన్ననే కబురు పెట్టాడు.

"ఆపండి!" ఆ కబురు విని కాలేజీకొచ్చిన సుధారాణి వెనక వరసలోంచి లేచి వచ్చింది.

"ఎవాంజలిన్ ప్లేసు తీసుకోమ్మా" అన్నాడు జయంత్.

"ఆ ప్లేసు నాకు కొత్తేటండి? నాను సార్ ప్లేసులో సేత్తాను. సార్ని గుమ్మంలో నిలబడమనండి."

"అలా రూలు లేదమ్మా."

"పర్లేదులెండి" అన్నాడు గురునాథరావు, అందరి ముందూ కాదనే ధైర్యం లేక.

ఎవాంజలిన్ బ్యాగు తగిలించుకుని నిలబడ్డాడు. చెమట పట్టింది. చొక్కా ఓసారి వాసన చూసుకోవాలనిపించింది.

"లోపలికి రావచ్చా మేడమ్?"

ఏమంటుందోనని హాలంతా చెవులు రిక్కించింది.

"రండి. కూకోండి."

ఆయన కదల్లేదు. "అంతేనా?"

"అంతే సార్. అంతకన్నా ఏటి కావాలి?"

ఎవరూ నవ్వలేదు.

"తప్పు నాదేనమ్మా" అన్నాడాయన, బ్యాగు దించకుండానే. "రేపు క్లాసుకి రా. నీ హాజరు తగ్గింది నావల్లేనని ప్రిన్సిపాలు గారికి నేనే చెప్తాను."

చెప్పాడు కూడా. చీవాట్లూ తిన్నాడు.

మర్నాడు ఒకటే ఉక్కపోత. ఎవరు మూశారో, కిటికీలన్నీ మూసే ఉన్నాయి. గురునాథరావు చేతిలో చాక్‌పీసు తడిసి జారిపోతోంది. కిటికీ అన్న మాట మాత్రం నోట రావడం లేదు. ముందు బెంచీలో సుధారాణికి జాలేసింది.

"సార్, ఉడికిపోతన్నాం. కిటికీలు తియ్యమనండి. ఏటవ్వదు."

"ఆ డైలాగు నువ్వే చెప్పమ్మా" అన్నాడు ద్వారపాలకుడు.