పురిటి బట్టల మూట

ఉతికే ముందు జేబులు తడిమి చూడటం పాపాయికి చిన్ననాటి నుంచీ అలవాటు. బీడీ ముక్క దొరికినా, విరిగిన గుండీ దొరికినా, ఉతికిన బట్టలతో పాటు ఇచ్చేసేది. మలయాలో సుంగై సిపుట్ దగ్గరి రబ్బరు తోటలో కూలీల బట్టలూ, తోట అంచున గుడారాలేసుకున్న తెల్ల సిపాయిల బట్టలూ ఉతికేది ఆమె, ఆమె మొగుడు తాతబాబు. మంచి అలవాటే, ఎవరు కాదంటారు? కానీ ఆ ఆదివారం పొద్దున ఆ అలవాటే ప్రాణం మీదికి తెచ్చింది.

మూట విప్పి తీసిన ఆకుపచ్చ చొక్కా గ్విలిమ్‌ది. ఆ పేరుకి నోరు తిరగక పాపాయి అతన్ని ‘గుల్లి బాబు’ అనేది. జేబులో పురికొసతో కట్టిన ఉత్తరాలు, వాటిమీద ఒక ఫోటో ఉన్నాయి. ఫోటోలో ఒక ముసలమ్మ రాతి గోడ పక్కన నిలబడి, ఎండకి కళ్ళు చికిలించి చూస్తోంది. శుక్రవారం సాయంత్రం ఆ కుర్రాడే వచ్చి, నవ్వుతూ మూట ఇచ్చిపోయాడు. శనివారం తోట రోడ్డు మలుపులో అతని లారీ మీద అడవిలోవాళ్ళు, అంటే తెల్లదొరల మీద తిరగబడ్డ కమ్యూనిస్టులు, కాల్పులు జరిపారు. ఇప్పుడు కుర్రాడు లేడు, ఉత్తరాలున్నాయి.

పాపాయికి పై ప్రాణాలు పైనే పోయాయి.

మలయాలో ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి మూడేళ్ళు. కూలీలుండే లైను ఇళ్ళ చుట్టూ ముళ్ళకంచె. గేటు దాటితే వంటి మీద చేతులేసి వెతకటం, అన్నం ముద్ద కూడా బయటికి పోనివ్వకపోవటం. అడవిలోవాళ్ళకి పిడికెడు బియ్యం ఇచ్చినా ఉరే అని చెప్పుకునేవారు. ఇవ్వనంటే వాళ్ళొచ్చి గొంతు కోస్తారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అన్న మాటని ఆ రోజుల్లో తోట జనం పొద్దున లేస్తూనే మింగి, రాత్రి దాకా అరిగించుకునేవారు. పైగా నిన్నటి నుంచీ ఒకటే గుసగుస: లారీ వచ్చే వేళ ఎవరో తోటలోవాళ్ళే అడవిలోకి చేరేశారని.

“కాల్చీయే,” అన్నాడు తాతబాబు. “పొయ్యిలో ఎట్టీ. ఎవులికీ తెల్దు.”

“కేంపుకి అట్టుకెల్లి ఇచ్చేత్తే ఏటి మావా?”

“ఏటని సెప్తావు? సచ్చినోడి కాయితాలు నీ కాడికి ఎలాగొచ్చినాయంటే ఏటని సెప్తావు? కేంపులోకి ఎల్లీది, వచ్చీది ఎవులు? మనవే కదా!”

ఆ మాట నిజం. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంటుందని నిన్నటి నుంచీ వాళ్ళిద్దరూ గుమ్మం దాటలేదు. తాతబాబుని ఇదివరకు ఒకసారి యూనియన్ చందా కట్టాడన్న పాపానికి పట్టుకుపోయి, వాన కాలమంతా కేంపు జైల్లో ఉంచారు. తిరిగొచ్చాక కూడా ఎవరైనా బూట్లతో నడిస్తే చేతిలో బట్ట జారవిడిచేవాడు. రెండోసారి పట్టుకుపోతే ఇక రాడు. ఉరి తీస్తారు, లేదా ఓడెక్కించి తను పుట్టని ఇండియాలో దింపేస్తారు.

అయినా పాపాయి చేయి పొయ్యి వైపు పోలేదు.

ఆమె పెద్దకొడుకు అప్పన్నని యుద్ధంలో జపానువాళ్ళు సయాం రైలు దారి వెయ్యటానికి పట్టుకుపోయారు. వెళ్ళినవాడు వెళ్ళినట్టే. కబురు లేదు, కాగితం ముక్క లేదు, వాడి వంటి మీది గుడ్డపేలిక కూడా రాలేదు. ఏ తల్లయినా ఏ పేలికైనా తెచ్చిస్తే దాన్ని గుండెకి హత్తుకుని చచ్చిపోయేది పాపాయి. అలాంటి మనిషికి ఒక తల్లి ఫోటోని కాల్చమంటే చేతులెలా వస్తాయి?

పైగా వాళ్ళమ్మ రాసే ఆ ఉత్తరాలు ఇంగ్లీషువి కూడా కావట. తోట గేటు దగ్గర కాపలా కాసే తమిళ పోలీసు శివలింగం ఒకసారి చెప్పాడు: “ఈ పయ్యన్ ఇంగ్లీషువాడు కాదు అక్కా. వేల్స్ అని వేరే ఊరు. వాళ్ళమ్మకి ఇంగ్లీషు రాదంట. మాలో మీ తెలుగు మాదిరి, వాళ్ళలో వాళ్ళ భాష.” అప్పటి నుంచీ ఆ కుర్రాడి మీద పాపాయికి ఇంకొంచెం మమకారం పుట్టింది.

“కాల్చనే కాల్చను,” అంది.

అంతలో విజిల్ మోగింది. గేటు దగ్గర లారీలు ఆగిన చప్పుడు, ఆ వెంటనే బూట్ల చప్పుడు. సోదా!

తాతబాబు పొయ్యి దగ్గరికి ఉరికాడు. పాపాయి కట్ట లాక్కుంది. బియ్యం డబ్బాలో పెడదామా? ముందు చూసేది అదే. గంజి కుండలోనా? నానిపోతాయి. పక్క లైనులో కుక్కలు మొరుగుతున్నాయి. అప్పుడు గుమ్మం పక్కనున్న మూట కనిపించింది. పక్కింటి తమిళమ్మాయి కమలం పురిటి బట్టల మూట అది. ముందురోజు తెల్లవారుజామున కమలం ఆడపిల్లని కన్నది. చాకలిది తప్ప ఇంకో చెయ్యి తాకని మూట. కన్న తల్లి తాకదు, కట్టుకున్నవాడు తాకడు. శివలింగం అయితే నాలుగడుగుల దూరం నుంచే ముక్కు మూసుకుంటాడు. ఇంతకన్నా గట్టి ఇనప్పెట్టె ఎక్కడుంది? ఆ మూట మధ్యలోకి ఉత్తరాల కట్టని తోసేసింది.

తెలివైన ఆలోచనే. మైల అంటే ఏమిటో తెలియని మనిషి కూడా లోకంలో ఉంటాడన్న సంగతి ఒక్కటే ఆమెకి తట్టలేదు.

ముందు శివలింగం వచ్చాడు, వెనక ఒక కుర్ర దొర. నిద్ర లేక అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బియ్యం నేల మీద పోయించాడు, గంజి కుండ తన్నించాడు. ఇస్త్రీ చేసి పేర్చిన బట్టలన్నీ కిందికి లాగించాడు. పాపాయి మూట వైపు చూడకూడదనుకుంటూ దాని వైపే చూసింది. శివలింగం మూట ముడి పట్టుకోబోయి, అదేమిటో గుర్తుపట్టి, గబుక్కున వెనక్కి తగ్గాడు.

ఆ తగ్గటం దొర చూశాడు. అన్నీ ముట్టుకున్నవాడు దీన్నెందుకు ముట్టడు? పోలీసుని పక్కకి నెట్టి, తనే వంగి, రెండు చేతులతో ముడి విప్పాడు.

పైన నెత్తుటి గుడ్డలు, వాటి మధ్య ఉత్తరాల కట్ట. దొర ఫోటో చూశాడు. ఉత్తరం మీద రాత చూశాడు. ఆ భాషలో ఉత్తరాలు ఆ కేంపులో ఒక్కడికే వస్తాయని అతనికి తెలుసు. తర్వాత మళ్ళీ నెత్తురు చూశాడు.

అతను ఏమనుకుంటున్నాడో పాపాయికి అప్పుడు తెలిసింది. క్షణంలో తాతబాబు గోడకి ఆని ఉన్నాడు, చేతులు వెనక్కి విరిచి కట్టేశారు, మెడ మీద తుపాకీ గొట్టం ఉంది. ఆ ముసలాడి కాళ్ళ మధ్య పంచె తడిసిపోయింది.

“పురిటి బట్టలు బాబూ! గుల్లి బాబు నెత్తురు కాదు! సెప్పు శివలింగం, దొరకి సెప్పు!” అని అరిచింది పాపాయి.

శివలింగం తడబడుతూ ఇంగ్లీషులో ఏదో చెప్పాడు. దొర అడ్డంగా తల ఊపాడు. పురిటి గుడ్డల్లో ఉత్తరాలు ఎవరు పెడతారు? ఎందుకు పెడతారు? అడగటం న్యాయమే. పాపాయి దగ్గర ఉన్న ఒక్క జవాబుని వాళ్ళ భాషలోకి మార్చేటంత ధైర్యం శివలింగానికి లేదు. గట్టిగా వకాల్తా పుచ్చుకుంటే తనూ ఆ గోడకే ఆనాలి. తాతబాబుని లారీ వైపు ఈడ్చారు. పాపాయి దొర బూట్లు పట్టుకుని నేల మీద పడిపోయింది.

“అదు ఎన్ రత్తం!”

ఆ కేకకి అందరూ తిరిగి చూశారు. పక్కింటి గుమ్మంలో కమలం. చెవులకి గుడ్డ కట్టుకుని, జుట్టు విరబోసుకుని, రొమ్ముకి పసిగుడ్డుని అదుముకుని నిలబడింది. పదకొండో రోజు దాకా పురిటాలి మీద ఎండ పడకూడదు, పరాయి చూపు పడకూడదు. ఆమె మొగుడే ఇంకా బిడ్డని చూడలేదు. గోడ పట్టుకుంటూ కంకర మీద నడిచొచ్చి, దొర ముందు నిలబడి, బిడ్డని చాచి చూపించింది.

“ఎన్ రత్తం అయ్యా! ఎన్ పిళ్ళై రత్తం!”

అది తన నెత్తురనీ, తన బిడ్డ నెత్తురనీ శివలింగం తర్జుమా చేయక్కర్లేకపోయింది. నిలబడ్డ చోటే ఆమె చీలమండ మీదుగా సన్నగా కారుతోంది. దొర అది చూశాడు. బిడ్డ బొడ్డు చూశాడు. అతని మొహం ముందు తెల్లగా, తర్వాత ఎర్రగా అయింది. టోపీ తీసేశాడు.

ఎందుకు దాచావని అడిగించాడు, నెమ్మదిగా.

“బయవేసినాది బాబూ,” అంది పాపాయి. “కాల్చీడానికి సేతులు రానేదు.”

కట్లు విప్పించాడు. పాపాయి ఊపిరి పీల్చుకుని అప్పుడు చూసింది. కట్టలో పై ఉత్తరం మీద అరచేయంత ఎర్ర మరక. దొర ఉత్తరాలని జాగ్రత్తగా రుమాల్లో చుడుతున్నాడు.

“ఇవన్నీ వాళ్ళమ్మకే పంపుతారు అక్కా,” అన్నాడు శివలింగం. “ఇక మీకు భయం లేదు.”

పాపాయికి అసలు భయం అప్పుడు పట్టుకుంది. ఆ తల్లి కట్ట విప్పుతుంది. మరక చూస్తుంది. కొడుకు నెత్తురనుకుంటుంది. బతికినన్నాళ్ళూ దాని మీద చెయ్యి వేసి ఏడుస్తుంది.

“ఇలా ఇయ్యి బాబూ! మరక తీసి ఇత్తాను!” అంటూ లారీ వెంట పరుగెత్తింది. కాగితం మీది మరక ఏ చాకలీ తియ్యలేదని ఆమెకి తెలుసు. అయినా గేటు దాకా పరుగెత్తింది.

మెర్దెకా, అంటే మలయాకి స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది, జెండాలు కట్టిన బస్సెక్కి, పాపాయి బతు గాజాలోని తెల్లవాళ్ళ శ్మశానానికి వెళ్ళింది. రాళ్ళ మీది పేర్లు చదవటానికి శివలింగం తోడొచ్చాడు. వెంట ఆనాటి పసిగుడ్డు, కమలం కూతురు పూంగొడి, చేతిలో కాగితం జెండాతో. శివలింగం ఒక రాయి దగ్గర ఆగాడు. పాపాయి పిల్లని ముందుకి తోసి, రాయి మీద చెయ్యి వేసింది.

“గుల్లి బాబూ, ఇదిగో ఈ పిల్లది ఆ నెత్తురు. మీ యమ్మకి కల్లోకెల్లయినా సెప్పు నాయినా. నీది కాదని సెప్పు.”