పచ్చివి ఉండనీ

కాఫీ తోటలు చూడటానికి వచ్చేవాళ్లకి ఇంగ్లీషులో వివరించే గైడు ఉద్యోగానికి ఫల్గుణ మర్నాడు ఇంటర్వ్యూకి వెళ్లాలి. జరిగిపోయినవి, రోజూ జరిగేవి చెప్పడం వరకు ఫరవాలేదు. అప్పట్నుంచి ఇప్పటిదాకా జరుగుతున్నవి చెప్పే ‘హ్యావ్ బీన్’ దగ్గరికొచ్చేసరికి నోరు పెగలదు. కాఫీ పళ్లు కోస్తూ కూడా అదే గొణుక్కుంటోంది.

"ఏటే, పచ్చివి కూడా దూసేత్తన్నావు?" అత్త బుద్రి ఆమె బుట్టలోకి చూసింది. "కొమ్మంతా ఒకేసారి పండుతాదా? ఎర్రవి కొయ్యి. పచ్చివి ఉండనీ, మళ్లీ వత్తాం కదా."

"బుర్రంతా ఇంగ్లీషే తిరుగుతంది అత్తా."

"తిరిగితే తిరగనీ. సేతులు మాత్రం ఇక్కడుంచు."

మర్నాడు అనంతగిరి ఆఫీసులో మేనేజరమ్మ, ఎంతకాలంగా కాఫీ కోస్తున్నావని ఇంగ్లీషులో అడిగింది. జవాబులో ‘హ్యావ్ బీన్’ రావాలని ఫల్గుణకి తెలుసు. నోట్లో మాత్రం అది కుదురుగా నిలవలేదు. ‘పచ్చివి ఉండనీ’ అన్న అత్త మాట గుర్తొచ్చి, దాన్ని అక్కడే వదిలేసింది. పెళ్లయిన ఏడాది మొదలుపెట్టాను, మా అత్త నేర్పింది, మేం ఎర్రటి పళ్లే కోస్తాం అని తనకు బాగా వచ్చిన చిన్న చిన్న వాక్యాల్లో చెప్పింది. పచ్చివి ఎందుకు కోయరని మేనేజరమ్మ ముందుకు వంగి అడిగింది. దానికీ జవాబు చెప్పింది.

సోమవారం నుంచి రమ్మన్నారు.

"అయితే ఇంగ్లీషంతా వచ్చేసినట్టేనేటి?" పొయ్యి ఊదుతూ అడిగింది బుద్రి.

"లేదత్తా. ఇంకా పచ్చివి ఉన్నాయి" అంటూ ఫల్గుణ గ్రామరు పుస్తకం తెచ్చుకుని పొయ్యి పక్కన కూర్చుంది.