ఒకే గాలి, రెండు గదులు

మా మరదలు నా తమ్ముడితో మాట్లాడటం మానేసి వారం దాటింది. ముగ్గురం ఒకే ల్యాబులో పనిచేస్తాం కాబట్టి ఆ మూతిముడుపులన్నీ నా కళ్లముందే. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, పైగా నేను ఇన్‌చార్జిని. అటు మాట ఇటు మోసే ఉద్యోగం కూడా నాకే అంటగట్టారు.

గొడవ ఒక వేరు గురించి. దాని సారంలో రెండు పసుపు పదార్థాలు ఒకదాన్నొకటి వదలకుండా ఉన్నాయి. వాటిని విడదీస్తేనే మా మరదలి థీసిస్. ఆ మొక్క దొరికే గుట్టను తవ్వేశారు, సీసా అడుగున మిగిలిందే ఆఖరు. "ఇన్నాళ్లూ రానిది ఇప్పుడొస్తుందా, మానెయ్" అని భోజనాల దగ్గర వాడు అనేశాడు. వాడి నోటికి తాళం ఎప్పుడూ లేదు.

ఒక ఉదయం వాటిని విడదీయడానికి ఆమె ఈథర్ అనే ద్రావకం వాడుతోందని తెలిసి, కరెంటు పంపు వద్దన్నాను. మోటారులోంచి ఒక్క నిప్పురవ్వ చాలు కొంప అంటుకోవడానికి. మూలనున్న గాలి పంపు తెచ్చి బిగించాను. దానికి మోటారు లేదు. కంప్రెసర్ నుంచి గోడ వెంబడి అన్ని గదులకూ వచ్చే గాలే, సిలికా పొడి దట్టించిన గాజు గొట్టంలోకి ఈథర్‌ని నెడుతుంది. మధ్యాహ్నానికి, గొట్టంలో కిందికి దిగుతున్న సారం తాలూకు పసుపు పట్టీ రెండుగా విడిపోవడం మొదలైంది.

"వదినా, చూడు చూడు!" అంది. ఎన్నాళ్లకో ఆ గొంతులో సంతోషం విన్నాను.

అవతలి గదిలో తమ్ముడు రాజీ ప్రయత్నంలో ఉన్నాడు. క్షమించమని అడగటం చేతకాక, సింకులో పోగుపడిన ఆమె గాజు సామానంతా కడిగాడు. ఆరబెట్టడానికి మా అందరి అలవాటు ఒకటే: గాలి కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి ఫ్లాస్కుల్లోకి ఊదడం. తొందరగా అయిపోవాలని కుళాయిలన్నీ బార్లా తెరిచాడు. ఆమె ఆరోజు గాలి పంపు వాడుతోందని వాడికి తెలియదు. చెప్పాల్సిన మనిషి మాట్లాడటం లేదు.

ఇటు పంపు టకటకలు ఆగిపోయాయి. ఒత్తిడి పడిపోగానే ఈథర్‌లో బుడగలు లేచాయి. సిలికా అడ్డంగా పగిలింది. రెండు పట్టీలూ ఆ పగుల్లోకి జారి కలిసిపోయాయి.

ఆమె అవతలి గదిలోకి పరిగెత్తింది, వెనకాలే నేను. తమ్ముడు గొట్టం పట్టుకుని, "అన్నీ కడిగేశా" అని నవ్వబోయాడు.

"కావాలనే చేశావు కదూ?" అంది.

వాడు గబగబా కుళాయిలన్నీ కట్టేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో నాకే తెలియదు.

"ఏడుపులు తర్వాత," అన్నాను. "కలిసింది, అంతే, పోలేదుగా. మొత్తం కిందికి దించి, ఈథర్ ఆవిరి చేసేసి, మళ్లీ కొత్త గొట్టంలోకి ఎక్కిద్దాం. కాస్త సరుకు సిలికా తినేస్తుంది, తిననీ."

మర్నాడు కొత్త గొట్టం నింపాం. తమ్ముడు గదిగదికీ తిరిగి గాలి కుళాయిలు కట్టేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. తడి ఫ్లాస్కుతో ఎవరొచ్చినా కసిరి పంపేశాడు. చాలాసేపటికి పట్టీల మధ్య తెల్లటి సందు కనిపించింది. రంగు నిన్నటికంటే పలచనే, కానీ విడిపోయాయి.

ఆమె గొట్టం మీంచి చూపు తిప్పకుండానే మాట్లాడింది. "నువ్వు కావాలని చెయ్యవని నాకు తెలుసు. అయినా నిన్న నిజంగానే చేశావనుకున్నా. నాకు అదే భయంగా ఉంది."

"మానెయ్యమన్నది నేనేగా. నువ్వు ఇంకేమనుకుంటావు?" అన్నాడు వాడు. "ఇంకెప్పుడూ అనను."

"అను. కానీ అనేముందు నేనేం చేస్తున్నానో ఒక్కసారి అడుగు."

పెళ్లయిన ఇన్నేళ్లలో వాడు అడగలేదని నాకు అప్పుడే తెలిసింది. నా తమ్ముడే అయినా సిగ్గేసింది. వాడు స్టూలు లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఇవి రెండూ ఏంటి?" అని అడిగాడు.

ఆమె గుట్ట దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టింది.