సెలవులో ఉన్న ప్లానమ్మ

ఆ ఆఫీసులో మనిషి ఉన్నాడో లేడో కళ్లతో చూసి చెప్పే అలవాటు ఎప్పుడో పోయింది. అందరి క్యాలెండర్లూ ఒక్కచోట కనిపించే పేజీ కంప్యూటర్లో తెరిచి, అది చూసి చెబుతారు. ఎవరి పేరు పక్కన అరగంట ఖాళీ కనబడినా సరే, దాని మీద వాలిపోయి ఓ మీటింగు పెట్టేస్తారు. మీటింగు దేని గురించి అని అడగడం అక్కడ మర్యాద కాదు.

భవనాల ప్లాన్లు గీసే ఆఫీసు అది. గీసేవాళ్లందరిలోనూ చెయ్యి తిరిగినావిడను ప్లానమ్మ అని పిలిచేవారు. ఆవిడ దగ్గర స్కేలు పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లే ఒక్కొక్కరూ పైకి వెళ్లి కూర్చుని, "ఆ మూల కాస్త సరిచెయ్యండి" అంటూ ఆవిడకే పనులు పురమాయిస్తున్నారు. అందుకే ఈసారి సెక్షన్ హెడ్ కుర్చీ ఖాళీ కాగానే ప్లానమ్మ మొహమాటం పక్కన పెట్టి ఆఫీసు పెద్దాయన గదిలోకి వెళ్లి అడిగేసింది.

"కొత్త బడి ప్లాను శుక్రవారానికి ఎవరు తెచ్చిస్తే కుర్చీ వాళ్లదే," అన్నాడు పెద్దాయన, కంప్యూటర్ మీంచి కళ్లు తీయకుండా.

పోటీకి ఉన్నది ఒక్కడే, హాజరుబాబు. ఆయన ఒక్క గీత గీయగా చూసినవాళ్లు లేరు. ఆయన లేకుండా జరిగిన మీటింగూ లేదు. ముందు వరసలో కూర్చుని, ఎవరేమన్నా తలాడించి, చివర్లో "నేను చెప్పబోయేదీ అదే" అంటాడు. దాంతో ఆయనకు తెలియని పని లేదని పేరొచ్చింది.

ఆదివారం సాయంత్రం ప్లానమ్మ ఇంట్లో కూర్చుని, ప్లాను ఇచ్చేశాక ఆ పై వారం అక్క దగ్గరికి వెళ్లడానికి క్యాలెండర్లో సెలవు పెట్టబోయింది. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి మొగుడు కేకేశాడు.

"ఏమేవ్, పాలు పొంగుతున్నాయి. ఆర్పాలా, ఉంచాలా?"

పొంగుతుంటే చూస్తూ నిలబడి సలహా అడిగే మనిషితో ఏం వేగుతాం! ఆ కంగారులో ఏదో వారం మీద నొక్కేసి, వంటింట్లోకి పరుగెత్తింది.

సోమవారం పొద్దున సీట్లో కూర్చుంటే, ఎంతసేపైనా ఎవరూ పిలవలేదు. అకౌంట్స్ ఆయన ఎదురుగా వచ్చి నిలబడి, ఏదో అనబోయి మానుకున్నాడు.

"అయ్యో, మీరు సెలవులో ఉన్నారు కదండీ! మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఏం బాగుంటుంది?"

"ఇక్కడే ఉన్నాను కదండీ, చెప్పండి."

"ఉంటే ఉన్నారు లెండి. క్యాలెండర్లో లేరుగా," అని ఆయన వెళ్లిపోయాడు.

ప్లానమ్మ పేజీ తెరిచి చూసి నాలుక కరుచుకుంది. ఈ వారమంతా సెలవు అని ఉంది. దిద్దబోయి, ఆగి, చుట్టూ చూసింది. అంత పెద్ద హాల్లో తన జోలికి వచ్చేవాళ్లు ఒక్కరూ లేరు. లోలోపల నవ్వు తన్నుకొచ్చింది. దిద్దకుండానే పేజీ మూసేసింది.

ఇక చూసుకోండి, ఆవిడ చేతికి అడ్డే లేకపోయింది. పిల్లల పుస్తకాల మీద ఎడమ పక్కనుంచి వెలుతురు పడేలా కిటికీలు జరిపింది. వాననీళ్లు గుమ్మంలోకి రాకుండా వరండా ఎత్తు పెంచింది. మెట్లు నచ్చక చెరిపి మళ్లీ గీసింది. గీస్తూ గీస్తూ కూనిరాగం కూడా తీసింది.

"ఈ వారం సెలవులో ఉన్నానేమో, ఒళ్లు హూనమైపోతోందండీ," అంది ఓ రాత్రి మొగుడితో.

"సెలవైతే ఆఫీసుకెందుకు పోతున్నావ్?"

"మరి పనెప్పుడు చేసుకోను?"

మొగుడు ముసుగుతన్ని పడుకున్నాడు.

గురువారానికి ప్లాను పూర్తయింది. పెద్దాయన ఎక్కడో మీటింగులో ఉంటే, కాగితాలు ఆయన బల్ల మీద పెట్టి వచ్చింది.

శుక్రవారం మీటింగుకు ఆవిడకు పిలుపు రాలేదు. అయినా వెళ్లి వెనక కుర్చీలో కూర్చుంది. గోడ మీది తెరపై అందరి వారాలూ కనబడుతున్నాయి. హాజరుబాబు వారం మీటింగులతో కళకళలాడుతోంది. ప్లానమ్మ వారం బోసిగా ఉంది.

"ప్లాను బ్రహ్మాండంగా వచ్చింది," అన్నాడు పెద్దాయన, హాజరుబాబు భుజం తడుతూ. "ప్లానమ్మ సెలవులో ఉన్నా, ఈయన ఊపిరి సలపకుండా పనిచేశాడు. తెర మీద కనిపిస్తూనే ఉంది. కుర్చీ ఈయనదే."

హాజరుబాబు వినయంగా తల వంచుకున్నాడు.

ప్లానమ్మ లేచి నిలబడింది. "అందులో ప్రతి గీతా నాదండీ. వారమంతా ఇక్కడే కూర్చుని గీశాను. మీరందరూ చూశారు."

అందరూ తెర వైపు చూశారు.

"సెలవని ఉందమ్మా," అన్నాడు పెద్దాయన జాలిగా.

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్ల చాకిరీ మట్టిపాలైంది. తెరను నమ్మేవాళ్లతో వాదించి ఏం లాభం? ఏడుపు మింగి, చేతులు జోడించింది.

"అవునండోయ్, మర్చేపోయాను. సెలవులో ఉండి మీటింగుకు రావడం నాదే తప్పు," అని తన సీటుకు వెళ్లిపోయింది.

కింద బడివాళ్ల మనిషి కాచుకుని ఉన్నాడు. గీసినవాళ్లు సంతకం పెడితేగాని ప్లాను తీసుకెళ్లడు. రేపు ఏ గోడ కూలినా జవాబు చెప్పుకోవలసింది ఆ సంతకమే. పెద్దాయన కాగితాలు హాజరుబాబు ముందుకు జరిపి కలం అందించాడు.

హాజరుబాబు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "సంతకమా? నేనా? గీసింది ఆవిడే సార్. నేను మీటింగుల్లో ఉన్నాను."

పెద్దాయన తన గదిలోకి వెళ్లి, అత్యవసరం అని ప్లానమ్మకు మీటింగు పిలుపు పంపాడు. సెలవులో ఉన్నందున రాలేరని వెంటనే కంప్యూటరే జవాబిచ్చేసింది. అద్దాల గోడలోంచి చూస్తే ఆవిడ తీరిగ్గా మంచినీళ్లు తాగుతూ కనబడుతోంది. మళ్లీ పంపాడు. మళ్లీ అదే జవాబు. కింద మనిషి వెళ్లిపోతానంటున్నాడని కబురొచ్చింది.

ఇక లాభం లేదని కాగితాలు చంకన పెట్టుకుని, పెద్దాయన హాల్లోకి వచ్చాడు. ఆయన కాలు అక్కడ పెట్టి ఎన్నాళ్లయిందో, కుర్చీల మధ్య దారి దొరక్క రెండుచోట్ల తట్టుకున్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. ప్లానమ్మ లేవలేదు.

"అమ్మా, మీకు ఎప్పుడు వీలవుతుందో చూసి..." అంటూ ఫోను తీయబోయాడు.

"చూడకండి సార్. అడగండి."

పెద్దాయన ఫోను జేబులో పెట్టేశాడు. ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఇది మీరే గీశారా?"

"నేనే గీశాను."

"సంతకం పెడతారా?"

"పెడతాను. దాని కింద హోదా రాయాలి. నన్ను రాసుకోమంటారా, మీరు రాస్తారా?"

పెద్దాయన వంగి, ఆవిడ బల్ల మీదే, తన చేత్తోనే 'సెక్షన్ హెడ్' అని రాశాడు. చేత్తో రాసి చాలా కాలమైందేమో, అక్షరాలు వంకరటింకరగా వచ్చాయి. ప్లానమ్మకు అవి ముత్యాల్లా కనిపించాయి. కళ్లు తుడుచుకుని, వాటి పైన నింపాదిగా సంతకం పెట్టి, కాగితాలు ఆయన చేతికే ఇచ్చింది.

"కాస్త త్వరగా తీసుకెళ్లి ఇచ్చేయండి సార్, పాపం ఆ మనిషి ఎప్పట్నుంచో నిలబడి ఉన్నాడు."

పెద్దాయన గబగబా మెట్లు దిగాడు.