కొల్లేటి గట్టున కారు

రసూల్ కారుకి కాసే కాపలా చూసి ఏలూరు కోర్టు దగ్గర నవ్వనివాడు లేడు. ప్లీడరు ప్రసాదరావుగారి ఫోర్డు కారు ఆగిందంటే చాలు, ముందు ఇంజను తిప్పే హ్యాండిలు తీసి సంచిలో పెట్టేవాడు. తర్వాత బానెట్టెత్తి, అది లేకపోతే ఇంజను పలకని చిన్న ముక్కొకటి ఊడదీసి జేబులో వేసుకునేవాడు. అప్పటికీ తృప్తి లేక, ముందు చక్రం ఊచల్లోంచి ఇనుప గొలుసు దూర్చి, దగ్గరున్న స్తంభానికో చెట్టుకో చుట్టి తాళం వేసేవాడు. "పాలిచ్చే గేదె అనుకున్నావటయ్యా?" అని గుమాస్తాలు ఏడిపించేవారు. నవ్వేవాళ్ళకేం, ఎంతసేపైనా నవ్వుతారు.

అంతకుముందు రసూల్ తాడేపల్లిగూడెంలో ఒక మిల్లు యజమాని కారు నడిపేవాడు. ఒకనాడు స్టేషను ముందు కారాపి, సోడా తాగి వచ్చేసరికి కారు లేదు. మళ్ళీ దొరకనూ లేదు. కారు పోయినందుకు కాదు అతను కుమిలిపోయింది. "వీడే ఎవరికో అమ్మేసుంటాడు" అన్నారు జనం. ఆ మాట అతనికన్నా ముందే ప్రతి ఊరూ చేరేది. స్టీరింగు పట్టిన చేతులతో బస్తాలు మోశాడు. చివరికి ప్రసాదరావుగారు పిలిచి పని ఇచ్చారు గాని, కారుని మాత్రం ఒంటరిగా అతని చేతికి వదల్లేదు. పెట్రోలు పోయించడానికి వెళ్ళినా గుమాస్తా పక్కన కూర్చోవలసిందే. ఇంకొక్క కారు పోతే, ఈ జన్మకి తనను నమ్మే మనిషి ఉండడని రసూల్‌కి తెలుసు.

పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరం వానాకాలంలో ఒక భూమి తగాదా చూడడానికి ప్లీడరుగారు కొల్లేటిలోని లంక గ్రామానికి బయలుదేరారు. గట్టు మీది పల్లె దాకానే కారు. అక్కణ్ణించి పడవ. ఆయనకి నీళ్ళంటే భయం, ఈత రాదు. రసూల్ పక్కనుంటేగాని పడవెక్కనన్నారు.

రసూల్ కారుని గట్టు పక్కనున్న లేత తాటిచెట్టుకి కట్టేశాడు. ఆ చెట్టు మత్తయిది. ఆ పల్లెలో చర్చి పెద్ద అతనే. పక్కనే తన ఇంటి అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటూ, గొలుసు చుట్టడం అంతా చూశాడు.

"ఎందుకండీ అంత కష్టం? మేమంతా ఉన్నాం కదండీ, చూస్తామండి," అన్నాడు.

"మీరు చూడక్కర్లేదు. ముట్టుకోకుండా ఉంటే చాలు," అన్నాడు రసూల్. మత్తయి తల వంచుకుని వల పనిలో పడ్డాడు.

ఆ సాయంత్రం వాన పట్టుకుంది. లంకలోనే ఉండిపోవలసివచ్చింది. పైన మెట్టలో కురిసిన వానకి తమ్మిలేరు పొంగి కొల్లేటిలో పడింది. తెల్లవారి తెరిపి ఇచ్చాక పడవలో తిరిగివచ్చి చూస్తే, గట్టు పక్కన నీళ్ళు తప్ప ఏమీ లేవు. కారు లేదు. తాటిచెట్టూ లేదు. నీళ్ళలోంచి నరికిన మొద్దు మాత్రం పైకి కనిపిస్తోంది.

ప్రసాదరావుగారు రసూల్ వైపు ఒక్కసారి చూశారు. ఆ చూపు రసూల్‌కి కొత్త కాదు. జేబులో ముక్క ఉంది, సంచిలో హ్యాండిలు ఉంది, కారే లేదు.

అప్పుడే మత్తయి భార్య సారమ్మ, నెత్తిన కోళ్ళగంప పెట్టుకుని మోకాలి లోతు నీళ్ళలో వస్తోంది. రసూల్ పడవలోంచి దూకి ఆమెకి అడ్డం వెళ్ళాడు.

"చూస్తామన్నది ఇందుకేనా? చెట్టు నరికి మరీ పట్టుకుపోయారు! ఎవరికి అమ్మేశారు?"

సారమ్మ అతని మొహంలోకి తేరిపార చూసింది. "ఊరుకోండి బాబూ, అరవకండి. రండి, చూపిస్తాను," అని ముందు నడిచింది.

పల్లెకి వెనక దిబ్బ మీద పెంకుటిల్లు లాంటి చిన్న చర్చి. దాని ముందు, ఒళ్ళంతా బురదతో, చక్రానికి తాళంతో సహా గొలుసు వేలాడేసుకుని కారు నిలబడి ఉంది. చర్చికి తలుపులు లేవు.

"గట్టు మీది రోడ్డు మునిగిపోయిందండి," అన్నాడు ఒకతను. "గడ్డి మోసే పడవలు రెండూ జోడించి కట్టి, చర్చి తలుపులు పీకి మీద పరిచామండి. గొలుసు కొయ్యడానికి మా దగ్గర ఏముంది? చెట్టు నరికి, మొద్దు మీంచి గొలుసు తప్పించాం. పల్లె మొత్తం పట్టింది, ఎక్కించడానికీ దింపడానికీ."

మత్తయి చర్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అరచేతులకి గుడ్డలు చుట్టి ఉన్నాయి.

"మీ ఇల్లో?" అని అడిగారు ప్రసాదరావుగారు.

"గోడ కూలిందండి. మట్టిదే కదండీ, మళ్ళీ పెట్టుకుంటాం."

"ఇల్లు కూలుతుంటే కారెందుకు మోశారండీ?" అన్నాడు రసూల్.

"అన్ని కట్లు కట్టారంటే, ఎక్కడో ఒకసారి గట్టిగా దెబ్బతిన్నారనుకున్నానండి," అన్నాడు మత్తయి. "మళ్ళీ ఎందుకు పోవాలండీ మీకు?"

రసూల్ అక్కడే బురదలో కూలబడ్డాడు. తాడేపల్లిగూడెంలో తనను జనం ఏ మాటన్నారో, ఆ మాటే తను ఇందాక సారమ్మని అన్నాడు. "నన్ను క్షమించండమ్మా," అన్నాడు. సారమ్మ కోళ్ళగంప దింపి, "లేవండి బాబూ, ముందు ఈ కారు సంగతి చూడండి. చలికి పిల్లలు వణికిపోతున్నారు," అంది.

చర్చిలో కాలు పెట్టే చోటు లేదు. జ్వరంతో మూలుగుతున్న ముసలమ్మ ఒకరు, చంటిపిల్లల తల్లులు, తడిసిన బియ్యం మూటలు. దిబ్బ అవతలి నుంచి గుండుగొలను వెళ్ళే రోడ్డు ఒక్కటే తేలి ఉంది. అక్కడైతే చుట్టాల ఇళ్ళున్నాయి, పొడి బట్టలున్నాయి.

రసూల్ తాళం తీసి గొలుసు లాగేసి, జేబులోని ముక్క తుడిచి బిగించాడు. హ్యాండిలు ఎన్నిసార్లు తిప్పినా ఇంజను దగ్గి ఊరుకుంది. చుట్టూ పిల్లలు ఊపిరి బిగబట్టారు. ఆఖరికి ఒక్క ఊపు ఊగి అందుకుంది. దిబ్బంతా ఒక్కసారి కేకలు పెట్టింది.

ముసలమ్మని, తల్లులని, పిల్లలని ఎక్కించారు. ముసలమ్మని పట్టుకోవడానికి సారమ్మ కూడా ముందు సీటులో ఎక్కింది. ప్రసాదరావుగారు మాత్రం చర్చి మెట్టు మీద, కోళ్ళ పక్కన కూర్చున్నారు.

"రండి అయ్యగారూ," అన్నాడు రసూల్.

"నేనెక్కితే ఇద్దరికి చోటు పోతుంది. నువ్వు తీసుకెళ్ళు."

"గుమాస్తాగారు కూడా లేరండీ..."

"లేడని నాకు తెలుసులే. వెళ్ళు. వీళ్ళని దింపి మళ్ళీ రా, ఇంకా చాలామంది ఉన్నారు."

రసూల్ స్టీరింగు పట్టుకున్నాడు. కారు దిబ్బ దిగి రోడ్డెక్కింది. కాస్త దూరం పోయాక ముందు అంతా మసకేసింది. అతను కళ్ళు చికిలించడం చూసి, అద్దం మసకబారిందనుకుని సారమ్మ చెయ్యి చాచి కొంగుతో అద్దం తుడవబోయింది.

"అద్దం బాగానే ఉందమ్మా," అన్నాడు రసూల్, మోచేత్తో కళ్ళు ఒత్తుకుంటూ.