అవే ఇరవై చోట్లు

నేను చేసిన మీటరులో అంకె కదలదు. గోడ ప్లగ్గులోంచి వచ్చే ఏసీ కరెంటు మాత్రం క్షణం కుదురుగా ఉండదు, అలలా లేస్తూ దిగుతూనే ఉంటుంది. దాన్ని పట్టి, లెక్కగట్టి, తెరమీద ఒకే అంకెగా నిలబెట్టడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ నా భార్య వేరే ఊళ్లో నర్సు ఉద్యోగంలో ఉంది. మీటరు పరీక్ష పాసైతే అక్కడికి వచ్చేస్తానని మాటిచ్చాను.

రోజూ ఉదయం ఎనిమిదింటికి, ఆమె డ్యూటీ ఎక్కే ముందు, ఫోన్ చేస్తాను.

"బాగున్నావా?"

"బాగానే ఉన్నా. నీ పని చూసుకో, తొందరేం లేదు."

తొందరేం లేదట! ఒక్కరోజైనా రమ్మంటుందేమోనని చెవి రిక్కించి వింటాను. అనదు. ఆమె దిండు ఇప్పటికీ గోడవైపే ఉంచుతాను, నిద్రలో కూడా అటు జరగను. ఆమెకు నేను అక్కర్లేకుండా పోయానేమోనన్న భయం చెప్పులో రాయిలా రోజంతా నాతోనే నడుస్తుంది.

మా పరీక్షగది పెద్దావిడను అందరూ అనుమానం మేడమ్ అంటారు, ఎదురుగా కాదులెండి. ఆవిడ నా మీటరును ఒక ఎల్‌ఈడీ బల్బుకు కలిపి, పక్కనే తన పాత మీటరు పెట్టింది. నా అంకె చెక్కుచెదరలేదు. కానీ నా మీటరు ఆవిడ మీటరు చూపినదాంట్లో సగమే చూపించింది.

"మీ పాతదే తప్పేమో," అన్నాను ఉక్రోషంగా.

"ఆడలేక మద్దెల ఓడన్నాడట నీలాంటివాడే. ఒక్కో అలలో ఎన్నిసార్లు కొలుస్తున్నావు?"

"ఇరవై. అలతోపాటే, అడుగు తప్పకుండా."

"అదే నీ కొంప ముంచింది. ప్రతి అలలోనూ అవే ఇరవై చోట్లు చూస్తున్నావు. ఈ బల్బు వాటి మధ్యలో కరెంటు గబుక్కున లాగేసి, నువ్వు చూసేసరికి బుద్ధిగా కూర్చుంటోంది. వేళ మార్చి చూడు నాయనా."

సిగ్గేసింది. కొలిచే క్షణం అల అలకీ కాస్త జరిగేలా ప్రోగ్రాం మార్చాను. ఈసారి అంకె మేడమ్ అంకెకు దగ్గరగా వచ్చింది, కానీ ఊగుతోంది. దాన్ని నిలబెట్టాలంటే ఇంకో నెల పని.

గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఆ వేళప్పుడు నా భార్యకు ఎన్నడూ ఫోన్ చేయలేదు. చేశాను.

ఎత్తింది. ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"ఏమైంది?"

"ఏం కాలేదు, అన్నం తింటున్నా. ఇప్పుడెందుకు చేశావ్? ఎనిమిదింటికైతే ముఖం కడుక్కుని కూర్చుంటాను."

"రోజూ ఏడుస్తున్నావా?"

"అన్నం దగ్గరే. ఎదురు కుర్చీ ఖాళీగా ఉంటుంది కదా." ఇక దాచుకోలేదు. "ఎప్పుడొస్తావ్?"

ఎదురుచూసి చూసి కళ్లు కాయలు కాస్తాయంటారు, నాకైతే ఈ మాట కోసం చెవులు కాశాయి. మీటరు ఇంకా పాసవలేదని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"సాయంత్రం బండికి," అన్నాను.