సుద్ద అంటిన పట్టపురాణి

మొదట్లో అతని చేతిలో ఉన్నవి ఒక ఇరుకు కొట్టు, అరువు మీద తెచ్చిన కొన్ని రంగు డబ్బాలు, మంచి చెక్కను వేలితో తడిమి పోల్చుకునే గుణం. ఇంకొకటి కూడా ఉండేది గానీ దాన్ని అతను ఏనాడూ ఆస్తి కింద వేసుకోలేదు. పూల్ ఆట, అంటే క్యూ కర్రతో తెల్లబంతిని కొట్టి, దానితో మిగతా బంతుల్ని బల్ల అంచు జేబుల్లో పడేయడం. అది అక్క నేర్పింది. అక్కకు పక్క సందులో చిన్న అచ్చాఫీసు ఉంది. పగలంతా బిల్లు పుస్తకాలు అచ్చువేసి, పొద్దుగూకగానే హాలుకు పోయి, మగవాళ్లందరినీ వరసపెట్టి ఓడించి ఇంటికొచ్చి అన్నం తినేది.

కొట్టు పెరిగింది. చేతిలో కాస్త డబ్బు ఆడగానే అతను ఒక మంచి క్యూ కర్ర కొన్నాడు, ఆడుకోవడానికే. కానీ దాన్ని చూసిన ఒక పెద్దమనిషి, "ఆడేముందు కొసకు రాసే సుద్ద అంటకుండా ఉంచావనుకో, దీని ధర ఏటేటా పెరుగుతుంది" అన్నాడు. వ్యాపారి చెవిన పడకూడని మాట అది. ఆ కర్ర అద్దాల బీరువాలోకి వెళ్లింది. దాని పక్కకు ఇంకొకటి, దాని పక్కకు మరొకటి వచ్చి చేరాయి. అన్నిటిలోకీ గొప్పది నల్లచేవ పిడి మీద ముత్యపు చిప్ప పొదిగినది. దానికి పట్టపురాణి అని పేరు పెట్టుకున్నాడు. నెలకోసారి అన్నిటినీ ఒళ్లో పెట్టుకుని, మైనం రాసి, మెత్తని గుడ్డతో మెరిపించేవాడు. ఆడటం మాత్రం మానేశాడు.

"వచ్చే జన్మలో నేను కర్రనై పుడతానండీ," అనేది భార్య. "నెలకోసారైనా నా మొహం వంక చూస్తారు."

ఆ ఊళ్లో రంగుల వీధికీ ఇనుము వీధికీ కలిపి ఒకటే పూల్ హాలు. అందులో చదునుగా ఉన్న బల్ల ఒకటే. అందుకని ఏటా రెండు వీధులకూ పందెం పెట్టేవాళ్లు. వీధికి ముగ్గురు ఆటగాళ్లు. గెలిచిన వీధికి ఏడాదంతా సాయంత్రాలు ఆ బల్ల. ఓడిన వీధికి మధ్యాహ్నాలు. కొట్లు కిటకిటలాడే వేళలో బల్ల ఇస్తే ఏం చేసుకోను? కిందటిసారి వీళ్ల రంగుల వీధి ఓడింది. ఏడాదిగా అక్క సాయంత్రాలు ఖాళీ చేతులతో అచ్చాఫీసు మెట్ల మీద కూర్చుని దారిన పోయేవాళ్లను కసురుకుంటోంది.

ఈసారి పందేనికి వారం ముందు, జట్టులో మూడోవాడైన మంగలి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. అక్క తిన్నగా తమ్ముడి కొట్టుకు వచ్చింది.

"ఒరేయ్, నువ్వు ఆడుతున్నావు."

"నేనా? క్యూ పట్టుకుని ఎన్నేళ్లయిందో తెలుసా అక్కా?"

"పట్టుకోకపోవడమేంట్రా, ఒళ్లో పడుకోబెట్టుకుని జోలపాడుతున్నావుగా!"

"అవి ఆడేవి కాదే."

"మరి పాడేవా?"

వారమంతా అక్క క్యూతోనే సాధన చేశాడు. తుప్పు పట్టిందనుకున్న చెయ్యి మూడోనాటికి కదిలింది. తనకే ఆశ్చర్యం వేసింది.

పందెం రోజు అక్క తన ఆట చులాగ్గా గెలిచింది. జట్టులో రెండోవాడైన దర్జీ హోరాహోరీగా ఆడి ఓడాడు. అంతా చివరి ఆట మీదికొచ్చింది. ఇనుము వీధి తరఫున లేచినవాడు ఇనప్పెట్టె. అసలు పేరుతో ఎవరూ పిలవరు. ఆ మనిషికీ కర్రల పిచ్చి ఉంది, పట్టపురాణి మీద ఎన్నాళ్లుగానో కన్నుంది.

అప్పుడు తమ్ముడు వెంట తెచ్చిన సంచీ విప్పి పట్టపురాణిని బయటికి తీశాడు. రెండు ముక్కలూ కలిపి తిప్పి బిగించాడు. హాలంతా మెడలు సాచింది. అక్క కళ్లు చిట్లించింది. "నా క్యూతో ఆడరా, దానికి నీ చెయ్యి అలవాటైంది" అంది. అతను వినలేదు. ఇంతమంది చూస్తుండగా ఇంత సరుకు పెట్టుకుని అరువు కర్రతో ఆడటమా?

కానీ సుద్ద రాయడానికి మనసొప్పలేదు. ఒక్కసారి నీలం అంటిందంటే కొసనున్న తెల్లని పట్టీకి మరక పోదు, ధర పోతుంది. రాయకుండానే వంగి కొట్టాడు.

కొసనున్న తోలుబిళ్ల తెల్లబంతి మీద సర్రున జారింది. బంతి ఒక పక్కకు పోయి, ఏ బంతికీ తగలకుండా మూల జేబులో పడింది, వంతు పోయింది. నెలనెలా మైనం రాసినప్పుడు ఆ తోలుబిళ్లకు కూడా రాసి, అద్దంలా మెరిపించుకున్నాడు మరి! గరుకుగా ఉండి బంతిని పట్టుకోవాల్సిన తోలు అది.

హాలు గొల్లుమంది. "రాణిగారికి నడక రాదోయ్!" అని ఎవరో అరిచారు.

ఇనప్పెట్టె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "అన్నా, ఇంకా సుద్ద అంటలేదు. ఇప్పుడే నాకిచ్చెయ్యి, నువ్వు అడిగిన ధర ఇస్తాను. మీ అక్క క్యూతో ఆడుకో. ఎవరికీ నష్టం లేదు."

మాట న్యాయంగానే ఉంది. అతను లెక్క వేశాడు. కర్ర మంచి ధరకు పోతుంది, చెయ్యి అలవాటైన క్యూ ఉంటుంది, ఆట గెలిచే వీలూ ఉంటుంది. ఇన్నేళ్ల వ్యాపారంలో ఇంతకన్నా తేలికైన బేరం తగల్లేదు.

కానీ వాళ్లు నవ్వింది తనను చూసి కాదు, తన సరుకును చూసి. కొట్లో డబ్బా మీద దుమ్ముందని ఎవరైనా అంటే నవ్వి ఊరుకుంటాడు గానీ, రంగు మంచిది కాదంటే మూత తీసి గోడకు పూసి చూపించే మనిషి.

"ఇది అమ్మకానికి లేదు," అన్నాడు.

రంగుల కొట్టువాడి జేబులో గరుకు కాగితం ముక్క లేకపోవడమనేది ఉండదు. తీశాడు. పట్టపురాణి కొసను ఒడిసిపట్టుకుని, తోలుబిళ్ల మీద కరకరా రుద్దాడు.

"అయ్యయ్యో!" అన్నాడు ఇనప్పెట్టె, తన చర్మమే గీకినట్టు.

మైనం పొడిగా రాలింది. నీలం సుద్ద అందుకుని కసికొద్దీ రాశాడు. తెల్లపట్టీ నీలమైంది. వేళ్లు నీలమయ్యాయి. ఇనప్పెట్టె మొహం తిప్పేసుకున్నాడు.

అతని వంతు మళ్లీ వచ్చేసరికి ఇనప్పెట్టె చాలా బంతులు పడేసి ఉన్నాడు. అతను వంగి మొదటి బంతి కొట్టాడు. టక్కున మోగింది. ఆ మోత మోచేతి దాకా వచ్చింది. ఇన్నేళ్లూ బీరువాలో ఇది ఇంత గొంతు దాచుకుని ఉందా అనిపించింది. చెప్పినట్టల్లా వింది. ఒక్కొక్క బంతీ పడుతుంటే వెనకాల నవ్వులు తగ్గాయి, తర్వాత దగ్గులూ తగ్గాయి.

చివరికి, ఆట తేల్చే నల్లబంతి మిగిలింది. అది అవతలి మూల జేబు ముందు నిలబడి ఉంది. తిన్నగా కొడితే పడుతుంది, కానీ తెల్లబంతి కూడా దాని వెంటే జేబులోకి పోయి ఆట పోతుంది. తెల్లబంతిని బాగా కింద కొట్టి వెనక్కి లాగాలి. తోలుబిళ్ల ఏమాత్రం జారినా గోవిందా. అతను అక్క వైపు చూశాడు. అక్క పైకి చూస్తూ ఫ్యాను రెక్కలు లెక్కపెడుతోంది.

కొట్టాడు. నల్లబంతి పడింది. తెల్లబంతి జేబు అంచుదాకా పోయి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, వెనక్కి తిరిగి బల్ల మధ్యకు వచ్చింది.

దర్జీ ఈల వేశాడు. మంగలి కట్టు కట్టిన చెయ్యి పైకెత్తి, "అబ్బా!" అని దించుకున్నాడు.

లెక్క చూస్తే, పట్టపురాణి ధర సగానికి పైగా పడిపోయింది. ఆ మరక వదలదు. ఇనప్పెట్టె మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఇవి పోయినవి. వచ్చింది రంగుల వీధికి ఏడాది పాటు సాయంత్రాలు. దానికి తోడు, బయటికి వస్తూ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ అక్క అన్న మాట ఒకటి. ఎన్నడూ ఎవరినీ పొగడని మనిషి, తల ఎత్తకుండానే, "ఆ చివరి దెబ్బ నాకు రాదురా" అంది.

ఇంటికెళ్లి అతను ఆ మాట భార్యకు చెప్పాడు. అన్నం తింటూ మళ్లీ చెప్పాడు. చెయ్యి కడుక్కుని వచ్చి మూడోసారి మొదలుపెట్టేసరికి ఆవిడ గిన్నెలు పక్కన పెట్టి, పీట లాక్కుని కూర్చుని, "ఊఁ, మొదట్నించీ చెప్పండి" అంది.